వెటరన్ ఆటగాడికి మినిమమ్ కాంట్రాక్టు మాట ఎలా చెప్పాలంటే

నాన్నా,

నీ మెసేజి చూశాను. మీ ఏజెన్సీ వాళ్ళు నీ చేతికి మొదటిసారి ఒక వెటరన్‌ని అప్పజెప్పారు, వయసు 36, ఎన్‌బీఏలో, అంటే అమెరికా బాస్కెట్‌బాల్ లీగులో, పదేళ్ళు దాటింది, పెద్ద కాంట్రాక్టు ఈ వేసవితో అయిపోతోంది. ఇక మీదట మినిమమ్, అంటే లీగు రూల్ ప్రకారం ఇవ్వాల్సిన కనీస జీతం, తప్ప ఏమీ వచ్చేలా లేదు, ఆయనకి ఈ మాట ఎలా చెప్పాలి బాబాయ్ అని అడిగావు. ఆటగాళ్ళ పన్నులు, జమాఖర్చులు చూస్తూనే నా జుట్టు నెరిసింది కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నా.

ముందు ఆలస్యం చెయ్యకు. జూన్ 30 సాయంత్రం ఆరింటికి ఫ్రీ ఏజెన్సీ, అంటే కాంట్రాక్టు అయిపోయిన ఆటగాళ్ళు ఏ టీముతోనైనా మాట్లాడుకునే సమయం, మొదలవుతుంది, పెద్ద డబ్బు చాలావరకు ఆ రాత్రే అయిపోతుంది, అప్పటిదాకా ఆశ పెట్టుకుని ఫోన్ మోగక కూర్చున్న మనిషికి నువ్వు ఎంత మెత్తగా చెప్పినా తలకెక్కదు. మే నెలలోనే ఆయన ఇంటికి వెళ్ళు, భార్యని కూడా కూర్చోమను, అంకె నోటితో చెప్పు. "మార్కెట్ కొంచెం డల్‌గా ఉంది సార్" లాంటి మాటలు వద్దు.

అంకె చెప్పాక అది అంత తక్కువ ఎందుకో రూల్ చూపించి వివరించు. ఇన్నేళ్ళు ఆడితే నన్ను ఇంత చులకన చేస్తారా అనే బాధే వాళ్ళని ఎక్కువ తినేస్తుంది. లీగుకీ ఆటగాళ్ళ సంఘానికీ కుదిరిన 2023 ఒప్పందంతో సెకండ్ ఏప్రన్, అంటే టీము మొత్తం జీతాల మీద పెట్టిన గట్టి గీత, వచ్చాక టీముల చేతులు కట్టేసినట్టయింది. 2025-26లో ఆ గీత సుమారు 208 మిలియన్ డాలర్లు, అది దాటిన టీము బయటి ఫ్రీ ఏజెంటుకి మినిమమ్ మించి ఒక్క డాలరు ఇద్దామనుకున్నా ఇవ్వడానికి వీల్లేదు. ఇంకో సంగతి చాలామంది ఆటగాళ్ళకే తెలియదు. పదేళ్ళు నిండిన వాడికి ఆ ఏడాది మినిమమ్ 3.63 మిలియన్లు, కానీ ఒక్క ఏడాది కాంట్రాక్టయితే టీము జీతాల లెక్కలో పడేది 2.3 మిలియన్లే, మిగతాది లీగు భరిస్తుంది. వయసైన ఆటగాడు కుర్రాడి కంటే ఖరీదైపోయాడని పక్కన పెట్టకుండా ఉండడానికి పెట్టిన ఏర్పాటు అది. రెండేళ్ళ కాంట్రాక్టు అడిగితే ఆ సాయం ఉండదు, అందుకే టీములు వెనకాడతాయి. కాబట్టి ఏడాదే ఇచ్చారని ఆయన నొచ్చుకుంటే ఇదంతా కాగితం మీద వేసి చూపించు.

డబ్బు మీద బేరం ఎలాగూ లేదు, అందుకని నీ బేరమంతా ఏ టీము, ఏ పాత్ర, గ్యారంటీ ఎంత అన్నదాని మీద ఉండాలి. బ్రూక్ లోపెజ్ సంగతి చెప్పు. 2017-18లో లేకర్స్ టీములో 22 మిలియన్లకి పైగా తీసుకున్నవాడు మరుసటి వేసవి మిల్వాకీ టీములో ఒక్క ఏడాదికి 3.4 మిలియన్లకి సంతకం పెట్టాడు. ఏడడుగుల సెంటరు, త్రీ పాయింట్ గీతకి కూడా బాగా దూరంగా నిలబడి బంతి వేసేవాడు, అతన్ని కాపు కాయడానికి అవతలి సెంటరు బాస్కెట్ వదిలి బయటికి రాక తప్పేది కాదు, ఆ ఖాళీలోంచి మిల్వాకీ స్టార్ యానిస్ దూసుకెళ్ళేవాడు. 2019లో అదే టీము నాలుగేళ్ళకి 52 మిలియన్లు ఇచ్చింది, 2021లో టైటిల్ గెలిచారు. మిల్వాకీకి వెళ్ళినప్పుడు లోపెజ్‌కి ముప్పై ఏళ్ళు, మీ ఆటగాడికి 36, అందుకని 52 మిలియన్ల ఆశ మాత్రం పెట్టకు. తనకి బాగా వచ్చిన పని ఎవరికి అవసరమో చూసి వెళ్ళాడు చూడు, అది ఆయనకి అర్థమయితే చాలు.

పాత్ర ముందే తేల్చుకోకపోతే ఎంత గొప్పవాడికైనా కష్టమే. ఎంతో పేరున్న ఆటగాడు క్రిస్ పాల్ 2025 వేసవిలో నలభై ఏళ్ళ వయసులో మినిమమ్‌కి తన పాత టీము క్లిప్పర్స్‌కి తిరిగొచ్చాడు, డిసెంబరు మొదటి వారంలోనే టీము ఇంటికి పంపేసింది. అంత చరిత్ర ఉన్న మనిషికి అలా జరగడం నాకు ఇప్పటికీ మనసొప్పదు. అందుకే జనరల్ మేనేజర్ మాటతో సరిపెట్టుకోకుండా కోచ్‌తోనే ఆయన్ని మాట్లాడించు. ఎన్ని నిమిషాలు ఆడతాడు, వరసగా పది ఆటలు బెంచి మీదే ఉంటే ఎవరు వచ్చి చెప్తారు, కుర్రాళ్ళ తప్పు కనిపిస్తే నోరు విప్పొచ్చా, ఇవన్నీ మొహమాటం లేకుండా అడగమను.

గ్యారంటీ ఇంకో ముఖ్యమైన విషయం. జనవరి 10 నాటికి టీములో ఉంటే ఆ సీజను జీతం మొత్తం గ్యారంటీ అవుతుంది, కాబట్టి గ్యారంటీ లేని, అంటే టీము మధ్యలో తీసేస్తే మిగతా జీతం రాని కాంట్రాక్టు వస్తే ఆ తేదీ ముందు వారాల్లో టెన్షన్ తప్పదని ఇంట్లో అందరికీ ముందే చెప్పాలి. 2019లో డ్వైట్ హోవర్డ్ లేకర్స్‌లోకి అలాంటి కాంట్రాక్టు మీదే వెళ్ళి తర్వాతి ఏడాది ఛాంపియన్ అయ్యాడు, కాబట్టి వినగానే తోసెయ్యొద్దను.

ఇక చేతికి ఎంత వస్తుందన్నది. ఫ్లోరిడా, టెక్సస్ టీములయితే టీము సొంతూళ్ళో ఆడిన రోజులకి రాష్ట్ర ఆదాయ పన్ను లేదు, కాలిఫోర్నియాలో పై శ్లాబు 13 శాతం దాటుతుంది. జీతంలో పది శాతం ఎస్క్రోలో, అంటే లీగు లెక్కలు తేలేదాకా పక్కన పెట్టే ఖాతాలో, ఆగుతుంది, ఏజెంటు వాటా సరేసరి. మొదటి జీతం నవంబరు 15న గాని రాదు. ఇటువైపు ఖర్చులు మాత్రం పెద్ద కాంట్రాక్టు నాటివే ఉంటాయి, రెండో ఇంటి వాయిదా, తమ్ముడి కారు లీజు, వంటమనిషి, సొంత ట్రైనర్, బంధువుల ఇంటి అద్దెలు. ఆ జాబితా ఆయన చేత్తోనే రాయించు, నువ్వు రాస్తే ఒప్పుకోడు. ట్రైనర్‌ని మాత్రం తీసెయ్యనివ్వకు, ఈ వయసులో ఆ ఖర్చే ఆయన్ని కోర్టు మీద నిలబెడుతుంది.

ఆ జాబితా, పోయిన రెండేళ్ళ రాష్ట్రాల ట్యాక్స్ రిటర్నులు ఆయన్ని అడిగి, సరేనంటే నాకు పంపు. ఏ టీముకి వెళ్తే చేతికి ఎంత మిగులుతుందో లెక్క వేసి ఇస్తాను, నువ్వు ఆయన ఇంటికి వెళ్ళే ముందే.

మీ బాబాయి