ఇంటర్ చదువుతూ డిగ్రీ స్థాయి కోర్సు చేయవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి కూకట్‌పల్లిలో ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీలో చేరింది. డాలస్‌లో ఉంటున్న మా బావమరిది కొడుకు హైస్కూల్లోనే కాలేజీ కోర్సులు చేశాడు, డిగ్రీ మూడేళ్లలో పూర్తవుతుందట. ఇంజినీరింగ్ ఇక్కడా, అమెరికాలోనా అన్నది మేమింకా తేల్చుకోలేదు. మా అమ్మాయి చేత అలాంటి కోర్సులు చేయిస్తే లాభమేనా?

సమాధానం: ఆ అబ్బాయి చేసినది డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్ అయి ఉండవచ్చు. అమెరికాలో హైస్కూలు విద్యార్థి దగ్గరలోని కమ్యూనిటీ కాలేజీలో కూడా పేరు నమోదు చేసుకుని క్రెడిట్లు (డిగ్రీ పూర్తికి లెక్కలోకి వచ్చే పాయింట్లు) సంపాదించే ఏర్పాటు అది. అక్కడ వచ్చిన గ్రేడ్లు, మంచివైనా చెడ్డవైనా, కాలేజీ రికార్డులో శాశ్వతంగా నిలిచిపోతాయి.

ఇక్కడి విద్యార్థికి అందుబాటులో ఉన్నవి కాలేజ్ బోర్డు అనే అమెరికా సంస్థ ఏటా మే నెలలో డిగ్రీ స్థాయి విషయాలపై జరిపే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలు. వాటిలో 1 నుంచి 5 వరకు స్కోరు ఇస్తారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 3 వచ్చినా క్రెడిట్లు ఇస్తుంది, ఎంఐటీ వాటిలో కాలిక్యులస్ బీసీ అనే పరీక్షలో 5 వస్తేనే తన మొదటి కాలిక్యులస్ కోర్సును మినహాయిస్తుంది, కాల్‌టెక్ అసలు క్రెడిట్లే ఇవ్వదు. కనుక ఏ విశ్వవిద్యాలయమో తేలకముందే ఒక ఏడాది ఫీజు మిగులుతుందని లెక్క వేసుకోవద్దు.

నా దృష్టిలో అసలు లాభం వేరే ఉంది. ఎంపీసీలో కంప్యూటర్ సైన్స్ అనే సబ్జెక్టే లేదు. అయినా ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టే రోజున, ఒక్క ప్రోగ్రామైనా రాసి చూడని పిల్లలు సీఎస్‌ఈ ఉన్న కాలేజీలన్నీ వరుసగా పైన పెడతారు (పెట్టేది చాలాసార్లు తండ్రులే అనుకోండి). నాలుగేళ్లు చదవబోయే విషయాన్ని ముందుగానే పన్నెండు వారాలపాటు రుచి చూడటం, నోట్సు చేతికిచ్చే లెక్చరర్ లేకుండా తనంతట తాను చదవగలదో లేదో తెలుసుకోవడం, ఆమెకు ఏ క్రెడిట్లకన్నా ఎక్కువగా పనికివస్తాయి.

అందుకు ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి నడిపే ఆన్‌లైన్ కోర్సుల వేదిక ఎన్‌పీటీఈఎల్ చాలు. కోర్సులో చేరడం ఉచితం, పరీక్ష రాయదలిస్తేనే రుసుము. వారం వారం అసైన్‌మెంట్లకు 25 మార్కులు, కేంద్రానికి వెళ్లి రాసే పరీక్షకు 75. 'జాయ్ ఆఫ్ కంప్యూటింగ్ యూజింగ్ పైథాన్' వంటి 12 వారాల కోర్సును ఇంటర్ విద్యార్థి అర్థం చేసుకోగలడు. ఈ ధ్రువపత్రాన్ని రేపు చేరబోయే ఇంజినీరింగ్ కాలేజీ క్రెడిట్లుగా లెక్కలోకి తీసుకుంటుందా అన్నది ఆ కాలేజీ ఇష్టం. తీసుకోదనే అనుకుని చేయించండి.

ఎప్పుడు చేయాలన్నదే చిక్కు. జనవరిలో మొదలయ్యే విడత ప్రాక్టికల్స్‌తో, వార్షిక పరీక్షలతో ఢీకొంటుంది కాబట్టి మొదటి సంవత్సరం జులై విడతే మేలు. అమెరికా ఆలోచన గట్టిపడితే, మొదటి సంవత్సరం పరీక్షలు ముగిశాక వచ్చే మే నెలలో ఒక్క అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్ష రాయించవచ్చు. అయితే కాలిక్యులస్ ఎంచుకుంటే ఒక సంగతి గమనించాలి: మన గణితంలో అవకలనం (డిఫరెన్షియేషన్) మొదటి సంవత్సరం 1బి పేపర్లో వస్తుంది, సమాకలనం (ఇంటిగ్రేషన్) రెండో సంవత్సరం 2బిలో గానీ రాదు. అంటే సగం సిలబస్‌ను ఆమె సొంతంగా చదువుకోవాలి. రెండో సంవత్సరం మే జోలికి వెళ్లకండి. ఎప్‌సెట్, జేఈఈ అడ్వాన్స్‌డ్ ఆ చుట్టుపక్కలే ఉంటాయి.

అమ్మాయి హాస్టల్లో ఉండి, ఫోను, లాప్‌టాప్ అనుమతించని క్యాంపస్‌లో చదువుతుంటే ఇదంతా వేసవి సెలవులకు వాయిదా వేయండి. ఇంటి నుంచి వెళ్లి వచ్చేదైతే ఒక్క కోర్సు మాత్రమే, అదీ ఆమె ఎంచుకున్నదే. వరుసగా మూడు అసైన్‌మెంట్లు ఎగ్గొట్టిందంటే పరీక్ష రుసుము కట్టకుండా అక్కడితో ఆపేయండి. ఎన్‌పీటీఈఎల్‌లో మధ్యలో మానేసిన కోర్సు ఆమె ఇంటర్ మార్కుల జాబితాలో ఎక్కడా కనిపించదు.