లాప్‌టాప్‌లో బొమ్మ రాలేదని లక్ష అప్పా తమ్ముడూ?

ప్రశ్న: అన్నా, నాకు 26 ఏళ్లు, విజయవాడలో ప్రైవేట్ జాబ్, చేతికి 34 వేలు వస్తుంది, ఇంటికి పంపేది కలిపి ఖర్చు 25 వేలు. పీఎస్5 గేమ్ కన్సోల్ ఉంది, టీవీలో ఆడతా, గేమ్‌ప్లే రికార్డ్ చేసి యూట్యూబ్‌లో పెడదామని హెచ్‌డీఎంఐ వైరు లాప్‌టాప్‌కి గుచ్చితే ఏమీ రాలేదు. అందుకే గేమింగ్ పీసీ, మానిటర్ కొందామని ఒక యాప్‌లో లక్ష లోన్ అప్లై చేశా, నెలకి 2 శాతం, 18 నెలలు, ఫీజు 3 శాతం. బ్యాంక్‌లో 40 వేలున్నాయి. అమ్మానాన్న తెనాలిలో ఉంటారు, నాన్నకి షుగర్. తీసుకోమంటావా?

జవాబు: వద్దు. ఇలాంటివి నాకు చాలా వస్తాయి, నీది ఎందుకు తీసుకున్నానంటే అసలు రిపేరు ఎక్కడుందో చూసుకోకుండానే అప్పుకి పరిగెత్తావు.

నీ లాప్‌టాప్‌కి ఏ రోగమూ లేదు. దాని హెచ్‌డీఎంఐ పోర్టు బొమ్మని బయటికి పంపడానికే, లోపలికి తీసుకోదు. రేపు లక్ష పోసి కొనే పీసీకి ఉండేదీ అదే రకం పోర్టు, దాంట్లో గుచ్చినా ఇదే నల్ల స్క్రీన్, అప్పుడేం చేస్తావ్, ఇంకో లోనా? కావాల్సింది మధ్యలో క్యాప్చర్ కార్డు, అంటే బొమ్మని లోపలికి తీసుకుని లాప్‌టాప్‌కి అందించే చిన్న డబ్బా. పీఎస్5 నుంచి వైరు కార్డు ఇన్‌లోకి, కార్డు అవుట్ నుంచి టీవీకో మానిటర్‌కో, యూఎస్‌బీ లాప్‌టాప్‌కి, రికార్డ్ చేసే సాఫ్ట్‌వేర్ ఓబీఎస్ ఎలాగూ ఫ్రీ. పీఎస్5 సెట్టింగ్స్‌లో హెచ్‌డీసీపీ (కాపీ చెయ్యకుండా అడ్డుకునే లాక్) ఆఫ్ చెయ్యకపోతే అప్పుడూ బొమ్మ రాదు (మా మేనల్లుడు దీనికే ఒక ఆదివారమంతా తగలేశాడు). డబ్బా మీద 4కే అని ఉంటే మురిసిపోకు, చాలావాటిలో అది లోపలికి తీసుకునేదే, రికార్డయ్యేది అంతకంటే తక్కువ, 1080పీ.

అసలు ఆ కార్డు కూడా ఇప్పుడే అక్కర్లేదు. నీ కంట్రోలర్ మీద క్రియేట్ బటన్ ఉంది కదా, దాంతో ఒక్కో క్లిప్ గంట దాకా పీఎస్5లోనే రికార్డవుతుంది, పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని లాప్‌టాప్‌లో ఎడిట్ చేసుకో. ఓ 20 వీడియోలు అలా పెట్టాక కూడా ఊపు తగ్గకపోతే అప్పుడు కొందువు.

ఇక లోను. ఫీజు, దాని మీద జీఎస్టీ కలిపి 3,540 ముందే కోసేస్తారు, చేతికొచ్చేది 96,460. ఈఎంఐ సుమారు 6,670, మొత్తం కట్టేది 1,20,000 పైనే. యూట్యూబ్ నుంచి యాడ్స్ డబ్బులు రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వాచ్‌టైమ్ ఉండాలి, లేదంటే 90 రోజుల్లో షార్ట్స్‌కి కోటి వ్యూస్. ఆ తర్వాత కూడా 100 డాలర్లు పోగైతేనే అకౌంట్‌లో పడేది. ఈఎంఐ మాత్రం వచ్చే నెల నుంచే మొదలు. నెలకి 2 శాతమే అంటూ రాశావే, అది ఏడాదికి 24 తమ్ముడూ!

అదే 6,670 నెలనెలా రికరింగ్ డిపాజిట్‌లో వేసుకో. 18 నెలలకి అసలే 1,20,000, నీ 40 వేలు కలిపితే 1,60,000, అంటే నీ ఖర్చుకి ఆరు నెలల పైన. ఇదే నీ ఎమర్జెన్సీ ఫండ్, ఇది నిండేదాకా గేమింగ్ పేరుతో వెయ్యి రూపాయలు మించి ఏదీ కొనొద్దు. ఎప్పుడైనా రాత్రి పదకొండింటికి తెనాలి నుంచి ఫోనొచ్చి నాన్నని అడ్మిట్ చేశాం, కౌంటర్‌లో 50 వేలు కట్టమంటున్నారు అంటే ఏం చేస్తావు? ఈ 40 వేలు అప్పటికే మానిటర్ స్టాండుకీ లైట్లకీ పోయుంటాయి, మళ్లీ అదే యాప్ తెరుస్తావు.

ఆఫీస్ ఇన్సూరెన్స్‌లో అమ్మానాన్న ఉన్నారో లేదో రాయలేదు, ఉన్నా జాబ్ మానేస్తే అదీ పోతుంది. వాళ్లిద్దరికీ విడిగా హెల్త్ పాలసీ ఈ నెలలోనే చూడు, ఆ డిపాజిట్ పోను మిగిలేదాంట్లోంచే ప్రీమియం కట్టు. ముందే ఉన్న జబ్బులకి వెయిటింగ్, అంటే క్లెయిమ్ ఇవ్వని కాలం, మూడేళ్ల దాకా పెడతారు, ఎంత లేటైతే ఆ లెక్క అంత లేటుగా మొదలవుతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి వీటి మీద జీఎస్టీ కూడా లేదు. ఫామ్‌లో నాన్న షుగర్ సంగతి దాచొద్దు, ఏజెంట్ పర్లేదన్నా సరే.

టర్మ్ పాలసీ (నీకేమైనా అయితే ఇంట్లోవాళ్లకి డబ్బొచ్చే ఇన్సూరెన్స్), మ్యూచువల్ ఫండ్స్ గురించి ఆ ఎమర్జెన్సీ ఫండ్ నిండాక అడుగు.

ముందు ఆ అప్లికేషన్ క్యాన్సిల్ చెయ్యి. డబ్బులు అప్పుడే పడిపోయి ఉంటే ముట్టుకోకు, కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ (లోను వివరాలన్నీ ఉండే పత్రం) తెరిచి కూలింగ్ ఆఫ్, అంటే లోను వెనక్కిచ్చేసే గడువు, ఎన్ని రోజులో చూడు, ఆ లోపు అసలూ, వాడుకున్న రోజుల ఛార్జీ కట్టేస్తే పెనాల్టీ లేకుండా బయటపడొచ్చు. ఈరోజే చూడు.