డిప్రెషన్‌లో ఉన్న నాన్నతో ఇల్లు రాయించుకున్నారు... ఆ దస్తావేజు చెల్లుతుందా?

ప్రశ్న: మా నాన్నకు 74 ఏళ్లు, రిటైర్డ్ టీచర్. అమ్మ పోయినప్పటి నుంచి ఎవరితోనూ మాట్లాడరు, సరిగా తినరు. డిప్రెషన్ అని డాక్టరు మందులు రాశారు. ఈమధ్య మతిమరుపు కూడా ఎక్కువైంది. స్టవ్ ఆపడం మర్చిపోతారు, పింఛను తెచ్చుకున్నారో లేదో గుర్తుండదు. నాలుగు నెలల కిందట అన్నయ్య ఆయన్ను తీసుకెళ్లి, నాన్న స్వార్జితమైన ఇంటిని తన పేర దాన సెటిల్‌మెంట్ చేయించుకున్నాడు. అడిగితే నాన్న "బ్యాంకు కాగితాలన్నాడు, సంతకం పెట్టాను" అంటున్నారు. ఆయనకు మతిస్థిమితం లేదని సర్టిఫికెట్ తెస్తే దస్తావేజు రద్దవుతుందా?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: ఆ సర్టిఫికెట్ ఆలోచన మానుకోండి. డిప్రెషన్‌కు మందులు వాడినంత మాత్రాన మనిషికి మతిస్థిమితం లేనట్టు కాదు. ఆ మాట తేల్చాల్సింది కోర్టే అని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సెక్షన్ 3(5) చెబుతోంది. పైగా కాంట్రాక్టు చట్టం సెక్షన్ 12 ప్రకారం చూసేది సంతకం పెట్టిన సమయాన్ని. తానేం చేస్తున్నాడో, దానివల్ల తనకేం జరుగుతుందో అప్పుడు ఆయనకు తెలుసా? ఇవాళ తెచ్చే కాగితం ఒక్కటే దానికి జవాబు చెప్పలేదు. రేపు నాన్నగారు వీలునామా రాసినా, కోర్టులో సాక్ష్యం చెప్పినా, అదే కాగితాన్ని అవతలి లాయరు ఆయన మీదే వాడతారు.

మీ చేతిలో ఇంతకంటే గట్టి ఆధారం ఉంది: "బ్యాంకు కాగితాలన్నాడు" అన్న మాట. దస్తావేజు దేనిదో కూడా అబద్ధం చెప్పి సంతకం చేయించుకుంటే అది మోసం. దానికి తోడు అదే కాంట్రాక్టు చట్టంలో సెక్షన్ 16 ఉంది. వయసు, జబ్బు, మనోవేదన వల్ల మనసు బలహీనపడినవారిపై పట్టు సాధించి రాయించుకోవడాన్ని ఆ సెక్షన్ అనుచిత ప్రభావం అంటుంది. నాన్నగారు అన్నయ్య మీద ఆధారపడి ఉన్నారని, ఉన్న ఒక్క ఇల్లూ జీవితకాల హక్కయినా ఉంచుకోకుండా రాసిచ్చారని చూపగలిగితే, అంతా సక్రమంగానే జరిగిందని నిరూపించుకునే భారం అన్నయ్య మీద పడుతుంది.

ఇక వైద్యం. పెద్దవయసులో డిప్రెషన్ వస్తే ధ్యాస నిలవక, జ్ఞాపకం తగ్గి, అచ్చం డిమెన్షియా (మెదడు క్షీణించి వచ్చే మతిమరుపు జబ్బు) లాగే కనిపించవచ్చు. కొందరిలో చికిత్సతో చాలావరకు తేరుకుంటుంది. మరికొందరిలో ఆ కుంగుబాటే డిమెన్షియాకు తొలి గుర్తు. బి12 లోపం, థైరాయిడ్ కూడా ఇలాగే చేస్తాయి. కాబట్టి సైకియాట్రిస్టుకు, న్యూరాలజిస్టుకు ఇద్దరికీ చూపించండి. (కేసు కోసమే డాక్టరు దగ్గరికి వెళ్లేవాళ్లను చాలామందిని చూశాను, అందుకే చెబుతున్నాను: ముందు ఆయన కోసం వెళ్లండి.) ఆయన కోలుకుంటే ఆయనకు మించిన సాక్షి లేరు. రిజిస్ట్రేషన్‌కు ముందూ వెనకా ఉన్న ప్రిస్క్రిప్షన్లు, ఓపీ చీటీలు తేదీలవారీగా దాచండి. అప్పట్లో చూసిన డాక్టరు సాక్ష్యం కీలకమవుతుంది.

దావా మీ పేరున వేయడానికి లేదు. తండ్రి బతికుండగా ఆయన స్వార్జితంలో పిల్లలకు హక్కు ఉండదు. ఆయనే వాది. తన మంచిచెడ్డలు చూసుకోలేని స్థితిలో ఉంటే, సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 32 రూల్ 15 కింద కోర్టు విచారించి, మిమ్మల్ని నెక్స్ట్ ఫ్రెండ్‌గా, అంటే ఆయన తరఫున దావా నడిపే వ్యక్తిగా, అనుమతించవచ్చు. మోసం తెలిసిన నాటి నుంచి మూడేళ్లలోపు వేయాలి. నాన్నగారు ఒక్కరే సబ్‌రిజిస్ట్రార్ దగ్గరికెళ్లి రద్దు పత్రం రాస్తే సరిపోదు.

2007 వయోవృద్ధుల చట్టం సెక్షన్ 23 కింద ఆర్డీవో ట్రిబ్యునల్‌కు వెళ్లే దారీ ఉంది. కానీ పోషిస్తాననే షరతు మీద ఆస్తి ఇచ్చి ఉండాలి, ఆ మాట తప్పి ఉండాలి. ఆ షరతు ఉందని చూపాల్సిందేనని సుప్రీంకోర్టు 2022లో సుదేశ్ ఛికారా కేసులో చెప్పింది. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో మాత్రం, కొడుకు విడిగా రాసిచ్చిన హామీ పత్రాన్ని దానపత్రంతో కలిపి చదివి తల్లికి ఆస్తి తిరిగి ఇప్పించింది. మీ దస్తావేజులో పోషణ ఊసే లేకపోతే సివిల్ కోర్టే మేలని నా అభిప్రాయం.

ఈ వారమే దస్తావేజు నకలు, ఈసీ (ఇంటి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలు చూపే పత్రం) తీసుకోండి. సాక్షి సంతకాలు ఎవరివో చూడండి. ఇద్దరూ అన్నయ్య తరఫు వాళ్లే అయితే అదీ కోర్టు దృష్టికి తేవచ్చు. దావాతోపాటే ఇల్లు అమ్మకుండా, తాకట్టు పెట్టకుండా మధ్యంతర ఇంజంక్షన్ (తాత్కాలిక నిషేధ ఉత్తర్వు) అడగమని మీ లాయరుకు చెప్పండి.