నాచు నుంచి డీజిల్ తీసేవాళ్ళు బాక్టీరియాని ఎందుకు తరిమెయ్యకూడదు?

నాచు నుంచి బయోడీజిల్ గురించి మొన్న రాసినప్పుడు, ఆ చెరువుల్లో నాచుతో పాటు బాక్టీరియా కూడా ఉంటుంది, ఉండాలి కూడా అని ఒక్క వాక్యం రాసి వదిలేశాను. ఉత్తరాలన్నీ దాని మీదే వచ్చాయి. నాకిష్టమైన విషయం కాబట్టి ఈసారి శీర్షిక మొత్తం దానికే.

ప్రశ్న: మేడమ్, మా ల్యాబ్‌లో క్లోరెల్లా అనే నాచు పెంచే ఫ్లాస్కులో బాక్టీరియా కనిపిస్తే కంటామినేషన్ అని పారబోయిస్తారు. మీరేమో ఉండాలంటున్నారు. ఏది కరెక్టు? – బీఎస్సీ మైక్రోబయాలజీ విద్యార్థిని, గుంటూరు

మీ ల్యాబ్‌లో చేసేది తప్పు కాదమ్మా. ఒక్క జీవి ఏం చేస్తుందో విడిగా తెలుసుకోవాలంటే దాన్ని ఒంటరిగా పెట్టాల్సిందే. కానీ బయట, నీళ్ళు కాలువలా చుట్టూ తిరుగుతూ ఉండే, అడుగు లోతు కూడా లేని రేస్‌వే చెరువులో, పైన ఆకాశం తప్ప మూత లేని చోట ఒంటరి నాచు అనేదే ఉండదు. నాచు కణం పగలంతా కిరణజన్య సంయోగక్రియతో చేసుకున్న చక్కెరల్లో, ఆమ్లాల్లో కొంత భాగం నీళ్ళలోకి కారిపోతూ ఉంటుంది, ఆ కారినదాని కోసం బాక్టీరియా కణం చుట్టూ చేరతాయి, కొన్ని గోడకే అతుక్కుంటాయి. మొక్క వేరు చుట్టూ ఉండే మట్టిని రైజోస్ఫియర్ అంటామే, అలాగే ఈ పల్చటి పొరకి బెల్, మిచెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1972లో ఫైకోస్ఫియర్ అని పేరు పెట్టారు.

తిని ఊరుకుంటే వాటిని పరాన్నజీవులనే అనుకోవచ్చు. కానీ తిరిగి ఇచ్చేవి కూడా ఉన్నాయి. బి12 విటమిన్ సంగతే చూడండి, దాన్ని తయారు చేసుకోవడం నాచుకి రాదు, బాక్టీరియాకి, వాటిలాగే కనిపించే ఆర్కియా అనే వేరే సూక్ష్మజీవులకే వచ్చు. కేంబ్రిడ్జ్ వాళ్ళు 2005లో 326 రకాల నాచుల లెక్క తీస్తే 171 రకాలకి బయట నుంచి బి12 అందకపోతే బతుకు లేదని తేలింది, అంటే సగానికి పైనే. సముద్రంలో బి12 చాలా కొంచెం ఉంటుంది, మరి ఇన్ని రకాలు ఎలా బతుకుతున్నాయంటే పక్కనున్న బాక్టీరియా దగ్గర తీసుకుంటున్నాయి.

నాకు ఇంకా బాగా నచ్చిన ప్రయోగం క్లామిడోమోనాస్ అనే నాచు మీద జరిగింది. దానికి బి12 అక్కర్లేదు, బతకడానికి కావాల్సిన మిథియోనైన్ అనే అమైనో ఆమ్లాన్ని బి12 లేకుండానే తయారు చేసుకునే జీన్ దానికి ఉంది. బి12 సమృద్ధిగా వేసి కొన్ని నెలలు అలా పెంచుతూ పోతే, సుమారు 500 తరాల్లో ఆ జీన్ మధ్యలోకి ఒక జంపింగ్ జీన్ (ఒక చోటి నుంచి ఇంకో చోటికి దూకే డీఎన్ఏ ముక్క) వచ్చి పడి అది పాడైపోయిన రకం పుట్టుకొచ్చింది, ఇక దానికి బి12 లేకపోతే చావే. ఊరికే దొరుకుతుంటే సొంతంగా చేసుకునే శక్తి ఎంత తొందరగా పోతుందో చూశారా! ఒకసారి అలా పోయాక ఆ నాచు బాక్టీరియా పక్కన ఉంటేనే బతుకుతుంది.

ఆక్సిజన్ సంగతి కూడా ఉంది. మిట్ట మధ్యాహ్నం చిక్కటి నాచు చెరువులో ఆక్సిజన్ మామూలుగా నీళ్ళు పట్టగలిగినదానికి రెండు మూడు రెట్లు పేరుకుపోతుంది, అంత ఎక్కువైతే నాచు ఎదుగుదలే మందగిస్తుంది. బాక్టీరియా ఆ ఆక్సిజన్ కొంత వాడేసుకుని కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి, నాచుకి కావాల్సింది అదే.

ప్రశ్న: నమస్కారం మేడమ్. మా రొయ్యల చెరువులో నీళ్ళు మంచి కలర్‌లో ఉండి ఉండి రాత్రికి రాత్రి బ్లూమ్ పడిపోతుంది, అంటే నాచంతా చచ్చిపోతుంది. డీజిల్ కోసం నాచు పెంచేవాళ్ళకీ ఈ బాధ ఉంటుందా? మేం చల్లే ప్రోబయోటిక్ లాంటివి వాళ్ళూ వాడతారా? – ఆక్వా రైతు, ఉండి, పశ్చిమ గోదావరి

నమస్కారం అండి. ఉంటుంది, మీకంటే ఎక్కువే ఉంటుంది, ఎందుకంటే మీకు నాచు రొయ్యకి తోడు, వాళ్ళకి నాచే పంట. అమెరికా ప్రభుత్వం 1978 నుంచి 1996 వరకు ఆక్వాటిక్ స్పీసీస్ ప్రోగ్రామ్ అని నడిపింది, 3,000 పైగా రకాలు పోగుచేసి, నూనె బాగా పట్టేవి ఏరి, న్యూ మెక్సికోలోని రాస్‌వెల్‌లో 1,000 చదరపు మీటర్ల చెరువుల్లో కూడా పెంచి చూశారు. ల్యాబ్‌లో గెలిచిన రకాలు బయట నిలబడలేదు, అక్కడి స్థానిక నాచులే వచ్చి చెరువులు ఆక్రమించాయి.

బ్లూమ్ పడిపోవడానికి కారణాలు చాలా ఉంటాయి, అందులో బాక్టీరియా దాడి ఒకటి. వాంపిరోవిబ్రియో క్లోరెల్లావోరస్ అని ఒకటి ఉంది, పేరుకి తగ్గ పనే చేస్తుంది. క్లోరెల్లా కణం బయట అతుక్కుంటుంది, లోపలికి దూరదు, ఎంజైములు లోపలికి పంపి ఉన్నదంతా కరిగించి పీల్చేస్తుంది, చివరికి మైక్రోస్కోప్ కింద ఖాళీ డొల్లలు కనిపిస్తాయి. అరిజోనాలో క్లోరెల్లా చెరువులకి ఇది పెద్ద తలనొప్పి, వేడి పెరిగితే మరీ రెచ్చిపోతుంది. అక్కడ పనికొచ్చిన మందు ఏంటంటే, కల్చర్‌లో అసిటేట్ (వెనిగర్‌లోని ఆమ్లం నుంచి వచ్చేది) ఉంచి పీహెచ్‌ని కాసేపు 3.5కి దించి, అంటే నీళ్ళని బాగా ఆమ్లంగా చేసి, మళ్ళీ పైకి తెచ్చెయ్యడం. క్లోరెల్లా దాన్ని తట్టుకుంటుంది, ఆ బాక్టీరియా తట్టుకోలేదు. దయచేసి ఇది మీ చెరువులో చెయ్యకండి, రొయ్యలు చచ్చిపోతాయి!

ఇక ప్రోబయోటిక్ సంగతి. మీరు బెల్లం, తవుడు వేసి పులియబెట్టి చల్లేవి ఎక్కువగా బాసిల్లస్ జాతివి, వాటి పని అడుగున పేరుకున్న మేత, రెట్ట కుళ్ళబెట్టడం. నాచు పెంచడానికి తయారైనవి కావు. డీజిల్ నాచు మీద పనిచేసేవాళ్ళు వెతుకుతున్నది వేరే, నాచు కణాన్ని అంటిపెట్టుకుని ఉండే రకాలు కావాలి వాళ్ళకి. కాలిఫోర్నియాలోని లివర్మోర్ నేషనల్ ల్యాబ్‌లో నాచుకి కార్బన్-13 గుర్తు పెట్టి, ఆ కార్బన్ పక్కనున్న ఒక్కో బాక్టీరియా కణంలోకి ఎంత వెళ్ళిందో నానోసిమ్స్ అనే యంత్రంతో కొలుస్తారు, అంటే ఎవరు ఎంత తింటున్నారో కణం కణంగా తెలిసిపోతుంది. ఇది తెలియకుండా సీసా తెచ్చి పోస్తే అవి నిలుస్తాయన్న గ్యారంటీ లేదు, చెరువులో ముందే ఉన్నవి కొత్తవాటికి చోటివ్వవు.

ప్రశ్న: ఎక్సాన్ అంతటి చమురు కంపెనీయే నాచు డీజిల్‌ని వదిలేసింది కదండీ, ఇంకా ఈ పరిశోధన ఎందుకు? – సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డల్లాస్

మంచి ప్రశ్న వేశారు. 2009లో ఎక్సాన్ వాళ్ళు సింథటిక్ జీనోమిక్స్ అనే బయోటెక్ కంపెనీతో కలిసి 60 కోట్ల డాలర్ల దాకా పెడతామన్నారు, ఆ మద్దతు ఆపేసినట్టు 2023 మొదట్లో వార్త వచ్చింది. నా అభిప్రాయం సూటిగా చెప్తాను, ఇన్నేళ్ళూ డబ్బులో ఎక్కువ భాగం ఒక్క ప్రశ్న వెనకాలే వెళ్ళింది, ఎక్కువ నూనె పట్టే నాచు ఏది అని. నత్రజని ఆపేస్తే నాచులో నూనె పెరుగుతుంది, కానీ ఎదుగుదల ఆగిపోతుంది, అక్కడే అందరూ ఇరుక్కున్నారు. చుట్టూ ఉన్న బాక్టీరియాని మాత్రం చాలాకాలం మురికిగానే చూశారు, అది నాకు బాధే.

మెక్సికోలోని లా పాజ్‌లో వేరే దారి పట్టారు. మన పొలాల్లో జీవన ఎరువుగా వాడే అజోస్పైరిల్లం ఉందే, దాన్ని క్లోరెల్లాతో కలిపి ఆల్జినేట్ అనే జెల్ పూసల్లో పెట్టి మురుగునీళ్ళలో పెంచారు. ఆ బాక్టీరియా ఇచ్చే ఆక్సిన్ అనే పెరుగుదల హార్మోన్‌తో క్లోరెల్లా బాగా పెరిగింది, నీళ్ళలో నత్రజని, ఫాస్ఫరస్ ఎక్కువ లాగింది, నూనె కూడా పెరిగింది. ఇంకోటి, నాచు కోత. ఓపెన్ చెరువులో లీటరు నీళ్ళకి అర గ్రాము నుంచి ఒక గ్రాము దాకానే ఎండు నాచు ఉంటుంది, దాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి తియ్యడానికి అయ్యే కరెంటు ఖర్చుతోనే లెక్క తలకిందులవుతుంది. కొన్ని బాక్టీరియా జిగురు లాంటి పదార్థం వదిలి నాచుని ముద్దలుగా కడతాయి, అప్పుడు అది దానంతటదే అడుగుకి దిగుతుంది.

పెట్రోల్ బంకులో నాచు డీజిల్ రేపే వస్తుందని నేను చెప్పను. మురుగునీటి శుద్ధితో కలిపి చేస్తేనే ఇది గిట్టుతుందని నా నమ్మకం, మన హైదరాబాద్‌లోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలో కూడా మురుగునీటితో నాచు పెంచే పని జరుగుతోంది, అక్కడ బాక్టీరియాని తీసెయ్యడం అనే మాటకే అర్థం లేదు.

ప్రశ్న: పిల్లలకి ఇది చూపించడం ఎలా? మాది చిన్న కాలేజీ, పెద్ద పరికరాలు లేవు. – జూనియర్ లెక్చరర్, కరీంనగర్

పెద్ద పరికరాలు అక్కర్లేదండి. ఏ కుంట నుంచైనా పచ్చటి నీళ్ళు తెచ్చి ఒక చుక్క స్లైడ్ మీద వేసి ఆరబెట్టి, మంటపై కొద్దిగా కాచి, క్రిస్టల్ వయొలెట్ వేసి కడిగి ఆయిల్ ఇమ్మర్షన్‌లో చూపించండి, నాచు కణాల చుట్టూ ఊదారంగు చుక్కలు, కడ్డీలు కనిపిస్తాయి. అవే నీళ్ళు న్యూట్రియంట్ అగార్ ప్లేటు మీద గీస్తే ఒకటి రెండు రోజుల్లో బాక్టీరియా కాలనీలు వస్తాయి. మిగిలిన నీళ్ళు సీసాలో పోసి కిటికీ దగ్గర కొన్ని వారాలు ఉంచి మళ్ళీ స్లైడ్ చేయించండి, ముసలి కల్చర్‌లో చచ్చిన నాచు చుట్టూ బాక్టీరియా ఎలా గుంపులు కట్టాయో మొదటి స్లైడ్‌తో పక్కపక్కన పెట్టి పిల్లల చేతే బొమ్మ గీయించండి. చూసిన ప్లేట్లు ఆటోక్లేవ్ లేకపోతే ప్రెషర్ కుక్కర్‌లో పెట్టాకే పారెయ్యండి.