డాలీ పార్టన్ విజయానికి గాత్రమే కారణమా?

అమెరికన్ కంట్రీ (అక్కడి గ్రామీణ, జానపద మూలాల సంగీతం) గాయని డాలీ పార్టన్ ఇంతకాలం నిలబడింది కేవలం గొంతు వల్లనేనా అన్నది ప్రశ్న. గాత్రం ముఖ్యమే గాని, తన పాటలు తానే రాసుకోవడం, వాటి హక్కులు చేజారనివ్వకపోవడం అంతకంటే పెద్ద కారణాలని నా అభిప్రాయం.

1946లో టెనెస్సీ కొండప్రాంతంలో, 12 మంది పిల్లలున్న పేద కుటుంబంలో పుట్టిన ఆమె, 1964లో హైస్కూలు చదువు ముగిసిన మర్నాడే కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్‌కు బయలుదేరారు. 1967లో కంట్రీ గాయకుడు పోర్టర్ వ్యాగనర్ టెలివిజన్ కార్యక్రమంలో చేరాక ఆమె పేరు ఇంటింటికీ తెలిసింది. ఆయన బృందాన్ని వీడాలని నిశ్చయించుకుని, వీడ్కోలుగా రాసిన పాటే ‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ’. దాన్ని ఎల్విస్ ప్రెస్లీ పాడాలనుకున్నప్పుడు, ప్రచురణ హక్కులో (పాటపై వచ్చే రాబడికి ఆధారమైన హక్కు) సగం రాసివ్వాలని ఆయన మేనేజర్ టామ్ పార్కర్ పట్టుబట్టారు; అంతటి గాయకుడు పాడితే వచ్చే కీర్తి ఎంతటిదో తెలిసి కూడా, ఎంతో బాధపడుతూనే, ఆమె ససేమిరా అన్నారు. చేతిలో పెద్దగా డబ్బులేని రోజుల నుంచి వచ్చిన యువతికి అది సామాన్యమైన తెగువ కాదు. 1992లో విట్నీ హ్యూస్టన్ అదే పాట పాడగా, అది అమెరికా పాటల జనాదరణ పట్టిక బిల్‌బోర్డ్ హాట్ 100లో 14 వారాలు అగ్రస్థానంలో నిలిచింది. హక్కులు తన వద్దే ఉన్నందున ఆ రాబడి ఆమెకే దక్కింది.

సినిమాలు, 1986లో సొంత జిల్లాలో ప్రారంభమైన డాలీవుడ్ వినోద ఉద్యానం పాటలకు తోడైన సంగతులు. చదవడం రాని తండ్రిని తలచుకుని 1995లో మొదలుపెట్టిన పథకం ద్వారా ఐదేళ్లలోపు పిల్లలకు నెలనెలా ఒక పుస్తకం ఉచితంగా ఇంటికే అందుతోంది.