పప్పు, పోపు: ఏది ముందు, ఏది తరువాత

చిరంజీవికి పెద్దమ్మ ఆశీస్సులు.

కొత్త ఊళ్ళో నీ వంట నువ్వే చేసుకుంటున్నావని తెలిసి సంతోషించాను. పప్పు ఎన్ని విజిల్స్ వచ్చినా పలుకుగానే ఉంటున్నదని రాశావు. కందిపప్పుతో పాటే టమాటాలూ చింతపండు పులుసూ కుక్కరులో వేస్తున్నావు కనుక అలా జరుగుతున్నది. పులుపు తగిలితే పప్పు త్వరగా మెత్తబడదు. అందుచేత టమాటా, మామిడికాయ, గోంగూర, చుక్కకూర వంటివి ఏవైనా విడిగా మగ్గించుకుని, పప్పు పూర్తిగా ఉడికిన తరువాతనే కలపాలి. పాలకూర, తోటకూర పుల్లనివి కావు కాబట్టి వాటిని పప్పుతోనే ఉడికించవచ్చు.

పప్పును రెండు మూడుసార్లు కడిగి అరగంట నానబెట్టు. గ్లాసు పప్పుకు మూడు గ్లాసుల నీళ్ళు, చిటికెడు పసుపు, అర చెంచా నూనె వేస్తే చాలు. నూనె వలన నురుగు తగ్గుతుంది. పప్పు పొంగే వస్తువు, కుక్కరును సగానికి మించి నింపవద్దు. మూత పెట్టే ముందు ఆవిరి పోయే గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి చూసి, రంధ్రంలో ఏమీ అడ్డుపడలేదని నిర్ధారించుకోవడం ఏ రోజూ మానకూడదు. మొదటి విజిల్ రాగానే మంట తగ్గించి, మరి రెండు మూడు వచ్చాక కట్టేసి, ఆవిరి దానంతట అదే దిగేదాకా మూత జోలికి పోవద్దు. మామూలు గిన్నెలో నీరు 100 డిగ్రీల దగ్గర మరిగితే, కుక్కరులో ఒత్తిడి వలన వేడి దాదాపు 120 డిగ్రీలకు చేరుతుంది. దించిన తరువాత కూడా లోపల పప్పు ఉడుకుతూనే ఉంటుంది.

ఇంత చేసినా పలుకుగా ఉంటే నీళ్ళను అనుమానించు. సున్నం ఎక్కువగా ఉన్న బోరు నీళ్ళలో పప్పు సరిగా ఉడకదు, మంచినీళ్ళు వాడి చూడు. ఏళ్ళ తరబడి నిలవున్న పప్పూ అంతే. ఉడికినదాన్ని మిక్సీలో వేయవద్దు, జిగురుగా తయారవుతుంది. వేడిగా ఉండగానే పప్పుగుత్తితో మెదిపితే అక్కడక్కడా బద్ద తగులుతూ అన్నంలోకి రుచిగా ఉంటుంది.

ఇక పోపు సంగతి నిదానంగా చదువు, ఎందుకంటే నీ ఉత్తరంలో నాకు ఎక్కువ దిగులు కలిగించినది అదే. అన్నీ ఒక్క గుప్పెటతో నూనెలో పోస్తే ఆవాలు చిట్లేలోపు జీలకర్ర మాడి చేదెక్కుతుంది. చిన్న ఇనుప గరిటెలో నూనె బాగా కాగనిచ్చి, ముందు రెండు ఆవగింజలు వేసి చూడు. అవి వెంటనే చిటపటలాడితే మిగిలినవి వెయ్యి. చప్పుడు తగ్గుతుండగా చితక్కొట్టిన వెల్లుల్లి రేకలు, అవి అంచుల్లో ఎర్రబడగానే తుంచిన ఎండుమిర్చి, జీలకర్ర, చివర చిటికెడు ఇంగువ, కరివేపాకు. కరివేపాకు తడి లేకుండా తుడిచి ఉండాలి, లేకపోతే నూనె ముఖాన చిందుతుంది. ఆ గరిటెను అలాగే పప్పులో ముంచి వెంటనే మూత పెట్టు. ఆ వాసన వంటింట్లోకి పోకుండా పప్పుకే పట్టాలి.

రాత్రికి మిగిలిన పప్పు గట్టిపడుతుంది. చన్నీళ్ళు పోయక, కాసిని వేడినీళ్ళు కలిపి ఒక పొంగు రానివ్వు.

ఇట్లు,
మీ పెద్దమ్మ