ఎడారి లేని చోట ధూళి మీద పరిశోధనా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. కొబ్బరి, వరి తప్ప వేరే ఆదాయం లేదు. మా అమ్మాయి కాకినాడలో బీఎస్సీ ఫిజిక్స్ రెండో ఏడాది చదువుతోంది. గాలి దుమారాలు, వాటివల్ల పర్యావరణానికి జరిగే నష్టం మీద పరిశోధన చేస్తానంటోంది. చుట్టూ నీళ్లున్న చోట ఈ చదువు దేనికి? చుట్టాలంతా బీఈడీ చేయించమంటున్నారు. ఎన్నేళ్లు పడుతుంది? జీతం ఎప్పటినుంచి?

జవాబు: అయ్యా, ముందు డబ్బు సంగతి. డిగ్రీ అయ్యాక ఎమ్మెస్సీ రెండేళ్లు, పీహెచ్‌డీ దాదాపు ఐదేళ్లు. అంటే ఏడేళ్లు. అన్నేళ్లూ మీరే భరించనక్కర్లేదు. జాతీయ స్థాయి పరీక్ష అయిన సీఎస్ఐఆర్ నెట్‌లో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకు ఇచ్చే ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీ మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత 42,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. మీ మీద పడేది ఎమ్మెస్సీ రెండేళ్ల ఖర్చు. ఫెలోషిప్ గానీ ప్రాజెక్టు జీతం గానీ లేకుండా పీహెచ్‌డీలో చేర్చకండి. డబ్బు చాలక మధ్యలో చదువు వదిలేసేవాళ్లు ఉంటారు.

ఇక ఎడారి సంగతి. మీ పొలంలో దుమ్ము లేవకపోవడానికి కారణం తడి. గాలికి ముందు కదిలేవి మరీ సన్నటి రేణువులు కావు, 70 నుంచి 100 మైక్రాన్ల ఇసుక రేణువులు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). సన్నవి ఒకదానికొకటి అంటుకుని కూర్చుంటాయి. ఇసుక రేణువులు ఎగిరెగిరి నేలను కొడుతుంటే ఆ దెబ్బలకు సన్నవి విడిపోయి పైకి లేస్తాయి. నేల తడిగా ఉంటే ఇసుకే కదలదు, ఇక దుమ్మెక్కడిది? కానీ ఎక్కడో లేచిన దుమ్ము ఇక్కడికి రాగలదు. 10 మైక్రాన్ల రేణువు నిశ్చలమైన గాలిలో సెకనుకు 8 మిల్లీమీటర్ల చొప్పున దిగుతుంది. 3 కిలోమీటర్ల ఎత్తు నుంచి నేలకు చేరడానికి నాలుగు రోజులు దాటుతుంది. 2 మైక్రాన్లదైతే వంద రోజులు, మధ్యలో వాన కడిగేయకపోతే. అందుకే ఎండాకాలంలో థార్ దుమ్ము బంగాళాఖాతం మీదికీ వస్తుంది. అందులోని ఇనుము, భాస్వరం సముద్రపు నాచుకు ఎరువవుతాయి. అదే దుమ్ము హిమాలయాల మంచు మీద పడితే మంచు ఎండను ఎక్కువ పీల్చుకుని త్వరగా కరుగుతుంది. 2018 మే నెలలో రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో దుమారాలకు వందమందికి పైగా చనిపోయారు. ఈ చదువు ఎందుకన్న మాటకు నా దృష్టిలో ఆ ఒక్క సంగతి చాలు.

డెల్టాలో ఉండటం మీ అమ్మాయికి లోటు కాదనే నా అభిప్రాయం. ఎడారిలో గాలిలో ఉన్నది దాదాపు అంతా దుమ్మే. ఇక్కడ సముద్రపు ఉప్పు, గడ్డి తగలబెట్టిన పొగ, రైస్‌మిల్లుల ఊక బూడిద, దూరం నుంచి వచ్చిన ధూళి అన్నీ కలిసి ఉంటాయి. వాటిని విడదీయడం నేర్చుకున్న విద్యార్థిని ఏ ల్యాబ్ అయినా గుర్తిస్తుంది. వచ్చే ఎండాకాలం డాబా మీదే మొదలుపెట్టవచ్చు.

30 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న పళ్లెంలో రెండు వరసల గాజు గోళీలు పేర్చి, నేలకు రెండు మీటర్లు, అంతకంటే ఎత్తులో, చెట్లకు దూరంగా పెట్టాలి. గోళీలు లేకపోతే పడిన దుమ్మును గాలి మళ్లీ లేపేస్తుంది. నెలకోసారి డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, ఆ నీటిని వడపోసి, ఫిల్టర్‌ను 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టి తూయాలి. గ్రాముల్లో వచ్చిన బరువును 14తో హెచ్చిస్తే చదరపు మీటరుకు ఎంత పడిందో వస్తుంది. తప్పులు జరిగేది ఇక్కడే. మన గాలి తేమకు ఫిల్టర్ నిమిషాల్లో బరువెక్కుతుంది, కాబట్టి తేమ చేరనివ్వని మూత పాత్ర అయిన డెసికేటర్‌లో చల్లార్చి వెంటనే తూయాలి. ఉప్పు వడపోతలో నీళ్లతో పోతుంది, ఆ నీటిని ఇగరబెట్టి విడిగా తూయాలి. వానకు పళ్లెం పొంగితే ఆ నెల లెక్క కొట్టేయడమే. ఇక ఊక బూడిద: అందులో ఎక్కువ భాగం సిలికానే, ఇసుకలోనూ సిలికానే. రసాయన పరీక్ష రెంటినీ ఒకటే అంటుంది. రేణువుల లోపలి అమరికను చూపించే ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌లో మాత్రం ఇసుకలోని క్వార్ట్జ్ (స్ఫటిక సిలికా) పదునైన శిఖరాలు చూపిస్తుంది, తక్కువ వేడిలో కాలిన ఊక బూడిద వెడల్పాటి గుబ్బలా కనిపిస్తుంది. ఆ యంత్రం ఉన్న యూనివర్సిటీకి నమూనాలు పంపించమని లెక్చరర్ గారిని అడగాలి.

రెండు మూడు వేల రూపాయలకు దొరికే, గాలిలోని సన్నటి రేణువులను కొలిచే పీఎం సెన్సర్‌ను నమ్ముకోవద్దని చెప్పండి. తేమ 80 శాతం దాటితే ఉప్పు రేణువులు ఉబ్బి అంకె పెంచేస్తాయి. పైగా ముతక ధూళిని అది సరిగా పట్టుకోదు.

కంప్యూటర్ పని కూడా ఇంటినుంచే. పైథాన్ ప్రోగ్రామింగ్‌లో నెట్‌సీడీఎఫ్ ఫైళ్లు (వాతావరణ లెక్కలు దాచే ఫైళ్లు) చదవడం, నాసా వాతావరణ లెక్కల సమాహారం మెర్రా-2లో 1980 నుంచి ఉచితంగా ఉన్న ధూళి లెక్కలు, ఇస్రో వెబ్‌సైట్ మాస్‌డాక్‌లో ఇన్‌శాట్ ఉపగ్రహ చిత్రాలు, గాలి ఎటునుంచి వచ్చిందో వెనక్కి లెక్కగట్టే హైస్ప్లిట్ ప్రోగ్రామ్. హైస్ప్లిట్‌ను ఒక్క ఎత్తులో నడపడం కొత్తవాళ్లు చేసే పొరపాటు. 500, 1500, 3000 మీటర్లలో, ఐదు రోజులు వెనక్కి నడపాలి. కింద సముద్రపు గాలి ఉండగానే పైన వాయవ్యపు గాలి ధూళిని మోసుకు రావచ్చు.

చదువుకు విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ మెటియోరాలజీ శాఖ దగ్గర, దానికి ఏపీ పీజీసెట్ రాయాలి. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్ పరీక్ష. మూడో ఏడాది మొదట్లోనే దరఖాస్తు చేయాలి. ఆ తర్వాత పీహెచ్‌డీకి తిరుపతి దగ్గర గాదంకిలోని వాతావరణ పరిశోధనా సంస్థ ఎన్ఏఆర్ఎల్, పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ ఐఐటీఎం, తిరువనంతపురంలోని ఇస్రో అంతరిక్ష భౌతిక ప్రయోగశాల ఎస్పీఎల్, ఎడారి నేల మీద పనికి జోధ్‌పూర్‌లోని శుష్క ప్రాంతాల పరిశోధనా సంస్థ కజ్రీ. అనంతపురంలో కృష్ణదేవరాయ యూనివర్సిటీ ఫిజిక్స్ శాఖ కూడా ఏరోసాల్స్ (గాలిలో తేలే సన్నటి రేణువులు) మీద పనిచేస్తుంది.

పరిశోధన కుదరకపోతే? వాతావరణ శాఖ సైంటిఫిక్ అసిస్టెంట్ పోస్టులకు ఫిజిక్స్ బీఎస్సీతోనే అర్హత ఉంటుంది, నోటిఫికేషన్ మాత్రం ప్రతి ఏడూ రాదు. పర్యావరణ అనుమతుల నివేదికలు తయారుచేసే సంస్థలు, పలకల మీద ధూళి పేరుకుని కరెంటు తగ్గే సోలార్ ప్లాంట్లు, ఇదే పని తెలిసినవాళ్లను తీసుకుంటాయి. బీఈడీ దారి ఎమ్మెస్సీ తర్వాత కూడా తెరిచే ఉంటుంది, ఇప్పుడే తేల్చేయనక్కర్లేదు. ముందు మూడో ఏడాదిలో గణితం, ముఖ్యంగా డిఫరెన్షియల్ ఈక్వేషన్లు, ఎంత బాగా వస్తున్నాయో అమ్మాయిని అడిగి చూడండి. అవి బలంగా లేకపోతే ఎమ్మెస్సీ మొదటి సెమిస్టర్‌లోనే ఇబ్బంది పడుతుంది.